సెలెరాన్ 300ఏ ఓవర్‌క్లాకింగ్

సెలెరాన్ 300ఏ ఇంటెల్ సంస్థ 1998 ఆగస్టు 24న విడుదల చేసిన చవక ప్రాసెసర్. నిర్ణీత వేగం 300 మెగాహెర్ట్జ్ అయినా, 450 మెగాహెర్ట్జ్ వద్ద నడపగలగడం వల్ల ఇది ఓవర్‌క్లాకింగ్ చరిత్రలో ప్రసిద్ధి పొందింది.

దీని గుణకం (బస్ వేగాన్ని ఎన్ని రెట్లు చేస్తే ప్రాసెసర్ వేగం వస్తుందో ఆ సంఖ్య) 4.5, దాన్ని మార్చడానికి వీలుండదు. అందువల్ల మదర్‌బోర్డు బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచడమే మార్గం. చిప్‌లోనే ఉన్న 128 కిలోబైట్ల రెండో స్థాయి క్యాష్ ప్రాసెసర్‌తో సమాన వేగంతో పనిచేసేది. అదే రోజు వచ్చిన పెంటియం-2 450లో క్యాష్ పెద్దదే గానీ సగం వేగంతో నడిచేది. ఈ చవక చిప్ దానికి దీటుగా నిలవడానికి ముఖ్య కారణం ఇదే.

100 మెగాహెర్ట్జ్ బస్ వేగంతో తొలి ప్రయత్నంలో తెర వెలగకపోతే బస్ వేగాన్ని తిరిగి 66కు తగ్గించాలి. బయోస్ కూడా తెరుచుకోకపోతే సీమాస్ జంపర్‌తో పాత అమరికలు చెరిపేయాలి. విండోస్ మొదలై మధ్యలో ఆగిపోతే వోల్టేజి చాలకపోవడమో, వేడి పెరగడమో కారణం కావచ్చు. నిర్ణీత 2.0 వోల్టులను కొద్ది కొద్దిగానే పెంచాలి; వోల్టేజితో పాటు వేడీ పెరుగుతుంది కనుక హీట్‌సింక్, ఫ్యాన్‌లను ముందే సరిచూడాలి. 100 మెగాహెర్ట్జ్‌కు తగని మెమరీ కూడా ఇవే లక్షణాలు చూపుతుంది.

బస్ వేగంగా 66, 100ల మధ్య 83 మెగాహెర్ట్జ్‌ను ఎంచుకోవడం సురక్షితంగా కనిపిస్తుంది గానీ, నిజానికి అదే ఎక్కువ ప్రమాదకరం. ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ ఉన్న బోర్డులపై అప్పుడు పీసీఐ బస్ 33కు బదులు సుమారు 41.5 మెగాహెర్ట్జ్‌కు చేరి, హార్డ్‌డిస్కులోని సమాచారం చెడిపోవచ్చు. 100 వద్ద, బస్ వేగం నుంచి పీసీఐ వేగాన్ని నిర్ణయించే భాజకం మారడంతో పీసీఐ మళ్లీ 33కు వస్తుంది.