చెరకుకున్న లెక్క పిల్లలకేది?

అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం 1913లో మొదలైంది. ఏ రకం ఏ నేలలో ఎలా ఎదుగుతుందో, గడ ఎంత పొడుగు సాగుతుందో, రసంలో చక్కెర పాలెంతో కొలిచి రాసిపెట్టడం అక్కడి పని. అదే నేల మీద పుట్టిన పిల్లల ఎదుగుదలను క్రమం తప్పకుండా కాగితం మీద పెట్టే ఏర్పాటు రావడానికి మరో అరవై ఏళ్లకు పైగా పట్టింది. ఆ ఆలస్యం కన్నా కొలిచిన తీరులోని లోటే మనకు ఎక్కువ నష్టం చేసిందని నా అభిప్రాయం. మనం ఎప్పుడూ బరువునే చూశాం, ఎత్తును పెద్దగా పట్టించుకోలేదు. ఒకనాటి అంకెను చూశాం, ఏళ్ల తరబడి సాగే గీతను చూడలేదు. ఇప్పుడు బాడీ మాస్ ఇండెక్స్, అదే బీఎంఐ, ఇంటింటి మాటయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఒక్క అంకె చూసి పిల్లవాడు లావనో బక్కనో తేల్చేస్తున్నాం.

బిడ్డను తూచడం మనకు కొత్త కాదు. మొక్కు తీరాక పిల్లల్ని తక్కెడలో కూర్చోబెట్టి, సరిపాటి బెల్లం తూచి దేవుడికి ఇవ్వడం తెలుగునాట పాత ఆచారం. బెల్లం మార్కెట్టుగా దేశమంతా పేరున్న అనకాపల్లికి అది మరీ దగ్గరి సంగతి. కానీ ఆ తూకం దేవుడి లెక్క కోసం, బిడ్డ లెక్క కోసం కాదు. బిడ్డ ఎంత ఎదిగాడో నలుగురి ముందు చెప్పుకుంటే దిష్టి తగులుతుందన్న భయం ఉండనే ఉంది. ప్రభుత్వం వైపు చూసినా అంతే. విశాఖపట్నం జిల్లా భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1877 కరువు వేళ పెద్ద వాదమే నడిచింది. సహాయ పనుల కూలీకి రోజుకు పౌను ధాన్యం చాలని బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ నిర్ణయిస్తే, అది ప్రాణం నిలవడానికి చాలదని శానిటరీ కమిషనర్ కార్నిష్ ఎదురు తిరిగాడు. పోషణ మీద మన ప్రాంతంలో జరిగిన తొలి సర్కారీ చర్చల్లో అదొకటి. అక్కడ ప్రశ్న కూలీ బతుకుతాడా లేదా అన్నదే. పిల్లలు ఎదుగుతారా అన్న ప్రశ్న పుట్టడానికి ఇంకా కాలం పట్టింది.

ఆ ప్రశ్నకు చోటు దొరికింది కూనూరులో. 1918లో బ్రిటిష్ వైద్యుడు మెక్‌కారిసన్ అక్కడ మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల పెరిగి 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) ఆరంభమయ్యాక, ఏళ్లు గడిచేకొద్దీ అంగన్‌వాడీ ఊరూరికీ వచ్చింది. దూలానికి వేలాడదీసిన స్ప్రింగు త్రాసు, దాని కొక్కేనికి గుడ్డ లాగు, అందులో కాళ్లాడిస్తూ ఏడ్చే పిల్లవాడు, పక్కనే చార్టు మీద చుక్క పెట్టే టీచరు: మన ఊళ్లలో ఎదుగుదల శాస్త్రం అడుగుపెట్టిన రూపం ఇదీ. ఆ పని విలువ తక్కువేం కాదు. నెలనెలా చుక్కలు కలిపితే వచ్చే గీతే ముఖ్యమన్న ఆలోచనను నైజీరియా పల్లెల్లో బ్రిటిష్ పిల్లల వైద్యుడు డేవిడ్ మోర్లీ నిలబెట్టాడు, మన చార్టుకు మూలం అదే. అయితే చాలాకాలం ఆ చార్టులో ఉన్నది వయసుకు తగ్గ బరువు ఒక్కటే. పొట్టిగా ఉండి బరువు తగ్గినవాడూ, పొడుగ్గా ఉండి చిక్కిపోయినవాడూ అందులో ఒకే గడిలో పడతారు. మొదటివాడిది ఏళ్లనాటి లోటు, రెండోవాడిది ఈ మధ్యే వచ్చిన కష్టం. వాళ్లకు కావలసిన సాయం ఒకటి కాదు.

బీఎంఐ ఇంకో దారిన వచ్చింది. పూర్తిగా ఎదిగిన మనుషుల బరువు ఎత్తు వర్గాన్ని అనుసరిస్తుందని 1830లలో బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే గమనించాడు. 1972లో అమెరికాలో ఆన్సెల్ కీస్ వేలాది మంది పెద్ద మగవాళ్ల కొలతలు పరిశీలించి దానికి ఇప్పటి పేరు పెట్టాడు. పుట్టుకలోనే అది పెద్దల కొలత. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేస్తుంది. 1.40 మీటర్ల ఎత్తు, 40 కిలోల బరువున్న పదేళ్ల అబ్బాయికి 20.4 వస్తుంది. 1.65 మీటర్లు, 55.5 కిలోలున్న పదిహేడేళ్ల కుర్రాడికీ అదే 20.4. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 పట్టిక ప్రకారం పదేళ్ల మగపిల్లలకు నడిమి విలువ 16.4, బీఎంఐ 18.5 దాటితే అధిక బరువు. పదిహేడేళ్లకు నడిమి విలువే 21.1. అంటే ఒకే అంకె చిన్నవాడి విషయంలో హెచ్చరిక, పెద్దవాడి విషయంలో నిశ్చింత. ఇంకొకటి: మొదటి ఏడాదిలో పెరిగే బీఎంఐ తర్వాత తగ్గుతూ వచ్చి, ఐదారేళ్ల దగ్గర అడుగుకు చేరి, మళ్లీ పైకి లేస్తుంది. బొద్దుగా ఉన్న పాప ఐదేళ్లకు సన్నబడితే తల్లి బెంగపడి ముద్ద మీద ముద్ద కుక్కుతుంది. చాలామంది పిల్లల్లో అది సహజమైన మలుపు. ఆ పైకి లేవడం మరీ ముందే మొదలైన పిల్లలకు తర్వాత ఒళ్లు వచ్చే అవకాశం ఎక్కువని 1984లో ఫ్రాన్సులో రోలాండ్-కాషెరా బృందం చూపింది. ఇది ఒక్కనాటి తూకంలో కనిపించేది కాదు.

బీఎంఐ అసలు దాచేది ఎత్తులోని లోటును. 1.20 మీటర్ల ఎత్తు, 24 కిలోల బరువున్న పదేళ్ల అబ్బాయిని తీసుకోండి. బీఎంఐ 16.7, పట్టికలో నడిమి విలువ పక్కనే. కానీ ఆ వయసుకు నడిమి ఎత్తు 137.8 సెంటీమీటర్లు, కనీస హద్దు 125. వాడు ఎదుగుదల కుంటుపడిన పిల్లవాడు, బీఎంఐ మాత్రం వాడికి ఆరోగ్యవంతుడని కితాబిస్తుంది. ఇక్కడే పాత అభ్యంతరం ఒకటి వస్తుంది: మనవాళ్లు పుట్టుకతోనే పొట్టి, పొట్టిగా ఉంటే తప్పేమిటని. 1980లలో అమెరికన్ ఆర్థికవేత్త డేవిడ్ సెక్లర్ దీన్ని సిద్ధాంతంగా మార్చి, చిన్న దేహాలు ఆరోగ్యమైనవేనని వాదించాడు. హైదరాబాదు సంస్థను ఏళ్లపాటు నడిపిన డాక్టర్ సి. గోపాలన్ గట్టిగా ఖండించారు. పేదల పిల్లలకు తక్కువ కొలబద్ద పెట్టి వాళ్ల ఆకలిని లెక్కల్లో మాయం చేయకూడదన్నది ఆయన పట్టు. కాలం ఆయన పక్షానే నిలిచింది. 1997-2003 మధ్య ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల్లో సరైన పోషణ అందిన పిల్లలను కొలిస్తే, దక్షిణ ఢిల్లీ పిల్లలూ ఓస్లో, అక్రా పిల్లలూ దాదాపు ఒకేలా ఎదిగారు. 2006లో వచ్చిన ప్రమాణాలకు ఆధారం అదే. మన దగ్గరి రుజువు కూడా ఉంది. హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాల్లో, 1987-90 మధ్య గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ అదనపు ఆహారం అందిన ఊళ్లను అందని ఊళ్లతో పోల్చి చూశారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు కౌమారంలో సగటున 14 మిల్లీమీటర్లు పొడుగ్గా ఉన్నారు, ఒంట్లో కొవ్వు మాత్రం పెరగలేదు. ఆ కాస్త తేడా పిడికెడు తిండి చేసిన పని.

ఎదురు అభ్యంతరమూ ఉంది: సన్నగా ఉన్నవాళ్లకు ఊబకాయం గొడవ దేనికని. 2004లో లాన్సెట్ పత్రికలో పుణే వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యడ్కిన్ తమ ఫొటోలే అచ్చు వేసి జవాబిచ్చారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌కు 21.2 శాతం, యడ్కిన్‌కు 9.1. మన పిల్లలు తక్కువ బరువుతో పుట్టినా కొవ్వును మిగుల్చుకుని పుడతారని పుణే పరిశోధనలు తేల్చాయి. అందుకే భారతీయ శిశువైద్యుల సంఘం 2015 చార్టుల్లో ఐదు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి హద్దులు కిందికి దించి, పెద్దల్లో 23, 27లకు సమానమైన గీతలు గీసింది. కండ విషయంలో బీఎంఐ అటువైపు కూడా తప్పుతుంది. అనకాపల్లి జిల్లాలోనే ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ తిండికీ కండకీ లంకె వేసి దేశభక్తిని చెప్పాడు. ఉత్తరాంధ్ర తాలింఖానాల్లో ఒళ్లు వంచి సాము చేసిన యువకుల కండను బీఎంఐ కొవ్వుగానే లెక్కేస్తుంది. అలాగని దాన్ని పారేయమనడం తొందరపాటే. త్రాసూ టేపూ చాలు, ఏ పల్లెలోనైనా చేయొచ్చు. దాన్ని తీర్పుగా కాక, వయసు, ఎత్తు, నడుము కొలత, పాత గీతలతో కలిపి చూడవలసిన ఒక ఆధారంగా తీసుకోవాలి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో ఆంధ్రప్రదేశ్ ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. అదే రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 36.3 శాతం అధిక బరువు. ఈ రెండు అంకెల మధ్య ఒక బాల్యం, ఒక కౌమారం గడుస్తాయి. మన లెక్క తెగిపోయేది సరిగ్గా అక్కడే. అంగన్‌వాడీ గీసిన గీత ఆరేళ్లకు బడి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడిపిల్లలకు ఏటా పరీక్షలు ఉన్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ అవి జబ్బు పట్టుకోవడానికి పెట్టినవి, పాత చార్టు పిల్లవాడి వెంట రానప్పుడు గీత ఎలా సాగుతుంది? బడిలో రాగి జావ, చిక్కీ, గుడ్డు పెడుతున్నాం. అవి ఎత్తుగా మారుతున్నాయా లేదా అన్నది పిల్లవాడి వారీగా తెలియాలి. తరగతి ముందు బరువులు చదివితే పిల్లలు నొచ్చుకుంటారన్న భయం న్యాయమైనదే. విడిగా కొలవండి, తల్లిదండ్రులకే చెప్పండి. ఎదిగే పిల్లవాడికి ఒళ్లు ఎక్కువైనా పస్తు పెట్టనక్కర్లేదు. ఎత్తు పెరిగేదాకా బరువు నిలకడగా ఉంటే చాలాసార్లు సరిపోతుంది.

తల్లిదండ్రులకు నా విన్నపం ఇదే. అంగన్‌వాడీ కార్డు పారేయకండి. బడిలో చేరాక ఆరు నెలలకోసారి చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి ఎత్తు కొలవండి, అదే రోజు బరువు చూడండి, తేదీ వేసి ఆ కార్డు వెనకే రాయండి. పద్దెనిమిదేళ్లదాకా ఆపకండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కాగితం ముందు పెట్టి, గీత ఎటు పోతోందో అడగండి.