క్రీడ్‌మూరు పందెము: ఒక్క గుండుమీది నింద



మన పల్లెలలో ఏదేని కార్యము చెడినప్పుడు పదిమంది చేరి మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: “ఎవరివలన చెడినది?” కార్యము చక్కబడినప్పుడును ప్రశ్న యిట్టిదే: “ఎవరివలన నెగ్గినది?” రెంటికిని ఒక్కొక్క పేరు దొరికెనా, మన మనస్సు కుదుటబడును. ఆ పేరు న్యాయముగా దొరికినదా యని మరల విచారించువారు అరుదు. ఈ విషయమునకు దృష్టాంతముగా 1874వ సంవత్సరమున అమెరికాదేశమున జరిగిన యొక తుపాకి పందెము కథను నేడు మీకు వినిపించెదను. తుపాకి మాటకు భయపడవలదు. ఇందు ఎవరికిని రక్తపాతము లేదు. ఒక్కని చేయి కొంచెము తెగినది, అదియును సీసా పగిలి.

ముందు ఈ పందెములు పుట్టిన తెరగు చెప్పవలయును. ఇంగ్లాండులో 1859వ సంవత్సరమున, పరదేశపు దండయాత్ర వచ్చునేమో యను భయము ప్రబలియున్న కాలమున, సామాన్య పౌరులకు గురి నేర్పుటకై జాతీయ రైఫిలు సంఘమొకటి యేర్పడెను. మరుసటి యేట లండను చెంతనున్న వింబుల్డను మైదానమున తొలి గుండును విక్టోరియా రాణియే కాల్చెను. నాటినుండి ఏటేట అచ్చట పందెములు జరుగుచుండెను. మన కొల్హాపురపు రాజుగారు బహూకరించిన పాత్రకొరకు కూడ 1871 మొదలు ఒక జట్టు పందెము నడచుచు వచ్చినది. దూరపు గురికి అన్నింటికంటె పేరొందినది ఎల్కో డాలు. దానికై ఇంగ్లాండు, స్కాట్లాండు, ఐర్లాండు జట్లు పోటీపడుచుండగా, 1873లో మొదటిసారి ఐర్లాండు దానిని గెలుచుకొనెను.

చిన్నదేశము పెద్దదేశములను గెలిచినప్పుడు ఉత్సాహము కట్టలు తెంచుకొనుట సహజము. ఐరిషు జట్టు నాయకుడు ఆర్థర్ బ్లెన్నర్‌హాసెట్ లీచ్ అనునాతడు న్యూయార్కు నగరపు హెరాల్డు పత్రిక ద్వారా అమెరికావారికి సవాలు పంపెను. అమెరికాలో ఈ విద్య అప్పటికి శైశవదశలో నుండెను. వారి యంతర్యుద్ధము 1865లో ముగిసిన పిదప, తమ సైనికులలో పెక్కుమందికి గురి సరిగా రాదని గ్రహించి, విలియం చర్చి, జార్జి వింగేటు అను నిద్దరు 1871లో అచ్చటను ఒక జాతీయ రైఫిలు సంఘమును స్థాపించిరి. న్యూయార్కు చెంత లాంగు ఐలండులో క్రీడ్ అను కుటుంబమువారి పొలమును కొని బయలు చదునుచేసి, 1873లో పందెములు ప్రారంభించిరి. ఆ చోటికి క్రీడ్‌మూరు అని పేరు వచ్చెను. సవాలును అందుకొన్నది న్యూయార్కులోని ఔత్సాహిక రైఫిలు సంఘము. అందలివారిలో ఐదువందల గజములకు మించి కాల్చి యెరిగినవారు మిక్కిలి తక్కువ. పందెమో, వేయి గజములవరకు! అయినను వెనుదీయక ఒప్పుకొని, నెలల తరబడి సాధన చేసిరి.

వేయి గజములనగా మూడువేల అడుగులు, అరమైలుకు మించిన దూరము. ఊరి చావడికడ నిలిచి, దూరపు చెరువుగట్టుమీద నిలుచున్న మనుష్యుని చూచినట్లుండును. నాటి లక్ష్యము ఆరడుగుల యెత్తు, పన్నెండడుగుల వెడల్పు గల ఇనుపపలక. దాని నడుమ మూడడుగుల నల్లని చదరము. అందు గుండు తగిలినచో 4 మార్కులు, చుట్టునున్న ఆరడుగుల చదరమున తగిలినచో 3, ఆవల పలకమీద నెచ్చట తగిలినను 2, తప్పినచో సున్న. రైఫిలు గొట్టములో మెలిదిరిగిన గాడులు చెక్కియుండుటచే గుండు బొంగరమువలె తిరుగుచు సూటిగా పోవును. నాటి నల్లమందుతో వేయి గజములు పోవుటకు దానికి సుమారు మూడు సెకండ్లు పట్టుచుండెను. అంతసేపును భూమి దానిని క్రిందికి లాగును, గాలి ప్రక్కకు త్రోయును. కావున కాల్చువాడు కంటినే నమ్మినచో చెడును. జెండాల యూపునుబట్టి గాలిని, దూరమునుబట్టి యెత్తును లెక్కించి, లక్ష్యమున్నచోటికి గాక, గాలి తెచ్చి లక్ష్యమున చేర్చు చోటికి గుండును పంపవలయును.

1874 సెప్టెంబరు 26వ తేదీన ఉభయపక్షములు క్రీడ్‌మూరున కలిసికొనెను. జట్టునకు ఆరుగురు. ఒక్కొక్కడు 800, 900, 1000 గజములనుండి పదునైదేసి గుండ్లు కాల్చవలయును. వీరు జీతమునకు గురి నేర్చినవారు కారు, వేడుకకు నేర్చినవారు. అందొక వైద్యుడు, ఒక న్యాయవాది, ఒక తుపాకుల తయారీదారు ఉండిరి. ఐరిషువారు డబ్లిను నగరపు రిగ్బీ తుపాకులను, అనగా మూతినుండి మందు దట్టించువానిని, తెచ్చిరి. ఆ తుపాకులు చేయు జాన్ రిగ్బీయే వారి జట్టులో నొకడు. అమెరికావారు వెనుకవైపున తూటా నుంచెడి రెమింగ్టను, షార్ప్స్ తుపాకులను పట్టిరి. సూక్ష్మమైన గురికి పాతపద్ధతియే మేలని నాడు పలువురి నమ్మకము. కనుక ఇది రెండు దేశములకే కాదు, రెండు తుపాకి పద్ధతులకును పరీక్ష యయ్యెను. చూడవచ్చినవారు వేలకొలది.

ఈ పందెమున రెండు గుండ్లు చరిత్ర కెక్కినవి.

మొదటిది ఐరిషు జట్టులోని మిల్నరు కాల్చినది. అతడు గాలి చూచి, ఊపిరి బిగబట్టి, మీట నొక్కెను. గుండు పోయి నల్లచదరమునే తాకెను. కాని అది అతని పలక కాదు, ప్రక్కపలక! నియమము ప్రకారము దానికి సున్న వేసిరి.

రెండవది అమెరికా జట్టులోని కర్నలు జాన్ బోడైను కాల్చినది. ఐరిషువారందరును ముగించిరి, వారి మొత్తము 931. అమెరికావారి మొత్తము 930; మిగిలినది బోడైనుయొక్క కడపటి గుండొక్కటే. తప్పినచో ఓటమి, తగిలినచో గెలుపు. అట్టి సమయమున దాహమునకు అందుకొన్న అల్లపుపానీయపు సీసా చేతిలోనే పగిలి, అరచేయి తెగి నెత్తురు కారెను. ఆతడు చేతిరుమాలు చుట్టుకొని, నేలపై పరుండి, గురిచూచి కాల్చెను. వేయి గజముల దూరమున గుండు నల్లచదరమును తాకెను. నాలుగు మార్కులు. అమెరికా 934, ఐర్లాండు 931. మైదానము జయధ్వానములతో దద్దరిల్లెను.

నాటినుండి నేటివరకు ఈ కథ చెప్పువారు రెండే మాటలు చెప్పుదురు: మిల్నరు వలన ఐర్లాండు ఓడినది, బోడైను వలన అమెరికా గెలిచినది. తేడా మూడు మార్కులు. మిల్నరు పోగొట్టినవి నాలుగు. లెక్క సరిపోయినట్లే కనబడును. అయినను నేను బడిపంతులుగా బ్రదికినవాడను. లెక్క సరిచూడక విడువలేను. మీరును నాతోబాటు వ్రేళ్లు మడచుడు.

జట్టునకు మొత్తము గుండ్లు 270. అన్నియు నడుమనే తగిలినచో మార్కులు 1080. ఐరిషువారికి వచ్చినవి 931. అనగా వారు పోగొట్టుకొన్నవి 149. వానిలో మిల్నరుయొక్క తప్పుపలక గుండువలన పోయినవి నాలుగే. తక్కిన 145 ఎవరివి? వాకరు అను కెప్టెను మొత్తము 144, జాన్సను మొత్తము 150, మిల్నరు మొత్తము 154. సున్న పడిన పిదపకూడ అతడు తన జట్టులో ఇద్దరికంటె మిన్నగానే నిలిచెను. ఆ ఇద్దరిని ఎవ్వరును నిందింపలేదు. నిందింపవలయునని నేనును అనను. వారి తప్పులు చిన్నచిన్నవిగా చెదరియున్నవి, అతని తప్పు ఒక్కచోట కుప్పగా కనబడినది. అంతే భేదము.

ఇక గెలిచినవారి లెక్క. 900 గజముల కడ ఐర్లాండు 312, అమెరికా 310. వేయి గజముల కడ ఐర్లాండు 302, అమెరికా 298. రెండు దూరములందును ఐర్లాండుదే పైచేయి! అమెరికా నెగ్గినది 800 గజముల కడ మాత్రమే: 326కు 317. ఆ తొమ్మిది మార్కుల మిగులే సాయంకాలమువరకు వారిని కాపాడినది. 180కి 171 మార్కులు తెచ్చి అందరిని మించినవాడు హెన్రీ ఫుల్టను. కాని జనము భుజములపై కెత్తుకొన్న పేరు కడపటి గుండు కాల్చినవానిది.

అన్నింటికంటె వింతయైనది వినుడు. బోడైను మొత్తము మార్కులు 158. మిల్నరు మొత్తము 154. ఆ గుండు తన పలకమీదనే పడియుండినచో అతని మొత్తమును 158 అయ్యెడిది. ఆ దినమున ఆ ఇద్దరి నేర్పు త్రాసులో వేసిన సమానముగా తూగును. ఒకడు వీరుడైనాడు, ఒకడు అపరాధి యైనాడు.

భారతకథలో ద్రోణాచార్యుడు శిష్యులను పరీక్షించుట మీకందరకు తెలిసినదే. అర్జునునకు చెట్టు కనబడలేదు, కొమ్మ కనబడలేదు, పక్షి శిరస్సొక్కటియే కనబడినది. ఆ యేకాగ్రతను మనము పిల్లలకు బోధింతుము, బోధింపవలసినదే. అయితే ఆ పక్షిని చెట్టుపై నుంచి, ఇదియే గురియని చూపినవాడు ఆచార్యుడు. ఆ పని ముందే జరిగినది. మిల్నరునకును ఆ క్షణమున నల్లచదరమొక్కటియే కనబడినది. అది ఎవరి పలకమీదిదో కనబడలేదు. ఏకాగ్రత కొరతపడలేదు, ఏకాగ్రతకు ముందుండవలసిన వివేకము కొరతపడినది. తప్పు తప్పే. దానికి సున్న వేయుట న్యాయము. ఓటమియంతయు దాని నెత్తిన వేయుట మాత్రము న్యాయము కాదు.

ఇది ఊరక చెప్పుమాట కాదు. నేను ఉద్యోగమున నున్న కాలమున మా బడిపిల్లలు పొరుగూరి పిల్లలతో చెడుగుడు ఆడిరి. కడపట కూతకు వెళ్లిన బాలుడు గీత దాటునంతలో పట్టుబడెను, ఆట పోయెను. పిల్లలందరును వానిపై విరుచుకొనిపడిరి. ఆపవలసినవాడను నేను, ఆపకపోగా, “నీవే చెరిపితివిరా” అంటిని. మరునాటినుండి వాడు ఆటస్థలమునకు రాలేదు. ఆట మొదటిలోనే ముగ్గురు పెద్దపిల్లలు అజాగ్రత్తతో పట్టుబడినట్లు నాకు చాలదినములకు గాని స్ఫురింపలేదు. వానిని పిలిచి ఆ మాట చెప్పుదమనుకొంటిని. అప్పటికి వాడు బడి మానివేసియుండెను. నాటి నా మాటకు నేటివరకు నాకు ప్రాయశ్చిత్తము దొరకలేదు.

క్రీడ్‌మూరు వచ్చిన ఐరిషువారు నాకంటె పెద్దమనుష్యులు. ఓటమికి వారు వంకలు వెదకలేదు. ఈ పందెము జ్ఞాపకార్థము నాయకుడు లీచ్ అమెరికా గురికాండ్రకు ఒక వెండిపాత్రను బహూకరించెను. దానికై తరువాత చిరకాలము పందెములు జరిగినవి. మరుసటి యేట, 1875లో, అమెరికావారు డబ్లిను చెంతనున్న డాలీమౌంటునకు పోయి మరల ఆడి గెలిచిరి. 1876లో అమెరికా స్వాతంత్ర్యపు నూరేండ్ల పండుగకు ఐర్లాండు, స్కాట్లాండు, ఆస్ట్రేలియా, కెనడా జట్లు క్రీడ్‌మూరునకు వచ్చినవి. పాల్మా యను పేర నాడు మొదలైన ఆ పందెము నడుమ నడుమ ఆగినను, నేటికిని దేశదేశముల దూరపు గురికాండ్ర జట్లను ఒకచోట చేర్చుచున్నది. క్రీడ్‌మూరు మైదానము మాత్రము పోయి, ఆ నేలపై మానసిక రోగుల వైద్యశాల వెలసినది.

పెద్దలారా, మీలో పెక్కుమంది ఊరి తగవులు తీర్చువారు. చెరువుకట్ట తెగినప్పుడు, సంఘపు లెక్క తప్పినప్పుడు, ఉమ్మడి సేద్యము నష్టపడినప్పుడు, కడపట చేయి పెట్టినవాని పేరే మీ ముందునకు మొదట వచ్చును. తీర్పు చెప్పుటకు ముందు తక్కిన 145 మార్కులు ఎచ్చట పోయినవో ఒక్కసారి లెక్కింపుడు. అట్లే మెప్పు పంచునప్పుడు ఉదయమున 800 గజముల కడ కష్టపడినవారిని మరువకుడు.

సెలవు.