కారు ఖాళీ చేయించిన స్టేషన్

డెట్రాయిట్‌లోని మిషిగన్ సెంట్రల్ స్టేషన్ ముహూర్తం కోసం ఆగలేదు. 1913 డిసెంబరు 26న పాత స్టేషన్ తగలబడిపోతే, ఇంకా పనులు ముగియని ఈ కొత్త భవనంలోకి ఆ రోజే రైళ్లు మళ్లించారు.

న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్‌కు నమూనా గీసిన సంస్థలే దీన్నీ గీశాయి. వెనక 18 అంతస్తుల ఆఫీసు భవనం, ముందు పురాతన రోమ్ స్నానశాలలను తలపించే వెయిటింగ్ హాలు. అమెరికా దక్షిణాది నుంచి పొట్ట చేతపట్టుకుని కార్ల ఫ్యాక్టరీలకు వచ్చిన ఎందరో నల్లజాతివారు దిగింది ఇక్కడే. యుద్ధానికి వెళ్లే కొడుకులను తల్లులు సాగనంపిందీ ఇక్కడే.

1910లో నది కింద కెనడాకు రైలు సొరంగం తెరిచారు కాబట్టి స్టేషన్‌ను ఊరి నడిబొడ్డున కాక ఆ దారిలో కట్టారు. జనం ట్రాముల్లో వస్తారన్నది లెక్క. కార్లు నిలపడానికి సరైన చోటు ఉంచలేదు. తర్వాత ట్రాములు పోయాయి, కార్లు పెరిగాయి. ఆ స్టేషన్‌కు జనాన్ని రప్పించిన పరిశ్రమే చివరికి దాన్ని ఖాళీ చేయించింది. 1988 జనవరిలో ఆఖరి రైలు వెళ్లిపోయింది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు చూడలేని స్థితి. అద్దాలు పగిలాయి, రాగి తీగలు పెరికేశారు, నేలమాళిగ నీళ్లతో నిండింది. 2009లో నగర పాలక మండలి కూల్చేయమని తీర్మానం కూడా చేసింది. కూల్చకపోవడం మన అదృష్టం.

2018లో కొన్నది ఎవరనుకున్నారు? కార్ల కంపెనీ ఫోర్డ్! పాత సున్నపురాయికి జత కుదరాలని ఇండియానాలో ఎప్పుడో మూతపడ్డ క్వారీని మళ్లీ తెరిపించారు. వెయిటింగ్ హాలు కప్పుకు పరిచిన మట్టి పలకలు సుమారు 29,000. స్పెయిన్ నుంచి వచ్చిన గ్వాస్టవినో కుటుంబం తెచ్చిన పనితనం అది: పలచటి పలకలు ఒకదాన్నొకటి పట్టుకుని వంపుగా నిలుస్తాయి. అన్నేళ్లు వానకు తడిసినా ఎక్కువ పలకలు చెక్కుచెదరలేదు. ఆ మేస్త్రీల చేతులకు దండం పెట్టాలి.

2021లో గచ్చు నగిషీ వెనక పనివాళ్లకు ఒక బీరు సీసా దొరికింది. లోపల చుట్టిన కాగితం. 1913 జులైలో అక్కడి కప్పు పని చేసిన ఇద్దరు రాసిపెట్టిన చీటీ! నూట ఎనిమిదేళ్లు ఎవరి కంటా పడలేదు.

గడియారం సంగతి ఇంకా కదిలిస్తుంది. ఫోర్డ్ కొన్నదని తెలిశాక పేరు చెప్పని ఒకాయన ఫోన్ చేసి, స్టేషన్ గడియారం తన దగ్గరుందని, తిరిగి ఇచ్చేస్తానని చెప్పాడు. వెళ్లి చూస్తే కాలిపోయిన ఒక భవనం గోడకు ఆనించి ఉంది, దుప్పట్లలో పదిలంగా చుట్టి.

2024 జూన్‌లో తలుపులు తెరిచారు. లోపల ఇప్పుడు ఆఫీసులు, కొత్త కంపెనీలు, చూడవచ్చిన జనం. వెనక పట్టాల మీద సొరంగం వైపు గూడ్సు బండ్లు పోతూనే ఉంటాయి. ప్రయాణికుల రైలు మాత్రం ఇంకా ఇక్కడ ఆగడం లేదు.