బుష్షు కథ: మఠంపల్లి రోడ్డు మీద రబ్బరా, పాలీయా?

మా ఆఫీసులో ఒకతను సెకండ్ హ్యాండ్‌లో త్రీ సిరీస్ బీఎండబ్ల్యూ కొన్నాడు. ఈ-90 మోడల్. 2007లో చెన్నై దగ్గర బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీ మొదలైనప్పుడు అక్కడ బిగించిన బండి ఇదే. అతని సొంతూరు మఠంపల్లి. నెలకి రెండుసార్లు సూర్యాపేట దాకా హైవే మీద, అక్కడ్నించి హుజూర్‌నగర్ మీదుగా అమ్మానాన్నల దగ్గరికి పోయొస్తుంటాడు. ఈ మధ్య యాక్సిలరేటర్ నొక్కినా, వదిలినా వెనకాల 'డబ్'మని చప్పుడు. మెకానిక్ చూసి రియర్ సబ్‌ఫ్రేమ్ బుష్షులు పోయాయన్నాడు. మనవాడు ఓ వారం నెట్లో చదివి, "పాలీయురేథేన్ వేయిస్తే మళ్ళీ జన్మలో మార్చక్కర్లేదంట కదన్నా, అదే వేయించనా?" అని అడిగాడు.

వద్దన్నాను. ఎందుకొద్దో చెప్పాలంటే నూట ఎనభై ఏళ్ళకు పైగా వెనక్కి పోవాలి. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి :)

ముందు సబ్‌ఫ్రేమ్ అంటే ఏంటో చెప్పుకుందాం. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి వెనకాల అది ఉండదు. ఒక అడ్డ దూలం, దానికి రెండు బుష్షులు, అంతే. వెనక చక్రాలకి ఇంజిన్ పవర్ ఇచ్చే పెద్ద కార్లలో మాత్రం డిఫరెన్షియల్‌నీ, సస్పెన్షన్ ఆర్ములనీ ఒక ఇనప చట్రానికి బిగించి, ఆ చట్రాన్ని నాలుగు రబ్బరు బుష్షుల మీద బాడీకి తగిలిస్తారు. మన భాషలో చెప్పాలంటే లూజ్ కప్లింగ్. కింద మాడ్యూల్లో ఎంత గోల జరిగినా పై మాడ్యూల్‌కి తెలియకూడదు.

బుష్షు అనే మాట మనకి కొత్తేం కాదు. ఎద్దుబండి ఇరుసుకి కందెన పూసిన రోజుల్నించీ ఆ పని తెలుసు. మఠంపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలకి తిరిగే లారీల కింద దూరి చూడండి, కమాన్ కట్ట చివర పిన్నూ, దాని చుట్టూ లోహపు బుష్షూ, గ్రీజు కొట్టే నిప్పులూ కనిపిస్తాయి. ఆ బుష్షు పని తిరగడం, అరగడం. కారు కింద ఉండే రబ్బరు బుష్షు వంశమే వేరు. అది తిరగదు, అరగదు. మెలితిరిగి మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. ఈ రెంటికీ ఒకే పేరుండటం వల్లే సగం గందరగోళం.

ఈ రెండో వంశానికి మూలపురుషుడు చార్లెస్ గుడ్‌ఇయర్. పచ్చి రబ్బరు ఎండకి జిగురైపోతుంది, చలికి పెళుసైపోతుంది. గంధకం కలిపి కాలిస్తే నిలబడుతుందని 1839లో అమెరికాలో ఆయన కనిపెట్టాడు. పేటెంట్ 1844 దాకా రాలేదు. ఈలోగా స్టీఫెన్ మోల్టన్ అనే ఆయన 1842లో ఆ రబ్బరు ముక్కలు పట్టుకుని ఇంగ్లండు వెళ్ళాడు, కొనేవాళ్ళు దొరుకుతారేమో అని. ఆ ముక్కలు థామస్ హాంకాక్ చేతిలో పడ్డాయి. గంధకం ఆనవాలు పట్టేసి, గుడ్‌ఇయర్ కన్నా కొన్ని వారాల ముందే ఇంగ్లండులో పేటెంట్‌కి పెట్టేశాడు! రివర్స్ ఇంజనీరింగ్ మన ఇండస్ట్రీ కనిపెట్టిందేమీ కాదన్నమాట. మోల్టన్ మాత్రం 1848లో బ్రాడ్‌ఫర్డ్-ఆన్-ఎవాన్‌లో సొంత రబ్బరు మిల్లు పెట్టుకున్నాడు. తర్వాత ఆ కుటుంబ కంపెనీ రైలు పెట్టెలకి రబ్బరు స్ప్రింగులు చేసి బతికింది. ఆయన మునిమనవడు అలెక్స్ మోల్టనే 1959లో వచ్చిన మినీ కారుకి ఇనప స్ప్రింగుల బదులు రబ్బరు కోన్లు పెట్టింది. ఆ మినీకి ముందూ వెనకా సబ్‌ఫ్రేములున్నాయి.

మధ్యలో 1920లలో లియోన్ తిరీ అనే ఇంజనీరు రెండు ఇనప గొట్టాల మధ్య రబ్బరుని గట్టిగా నొక్కి కూర్చి 'సైలెంట్‌బ్లాక్' చేశాడు. మన మెకానిక్కులు బైకు స్వింగ్ ఆర్ముకి 'సైలెంట్ బుష్' అంటారే, ఆ మాటలో ఈ పేరే వినిపిస్తుంది. 1931లో క్రైస్లర్ వాళ్ళు ప్లిమత్ కారులో గడగడలాడే నాలుగు సిలిండర్ల ఇంజిన్ని రబ్బరు మీద కూర్చోబెట్టి, 'ఫ్లోటింగ్ పవర్' అని పేరు పెట్టి అమ్ముకున్నారు.

అసలు మన ప్రశ్నకి సంబంధించిన ఘట్టం మాత్రం 1961లో వచ్చింది. జాగ్వార్ ఈ-టైప్, మార్క్ టెన్ కార్లకి బాబ్ నైట్ అనే ఇంజనీరు కొత్త వెనక సస్పెన్షన్ గీశాడు. డిఫరెన్షియల్, బ్రేకులు, అన్నీ ఒక పంజరంలో పెట్టి, ఆ పంజరాన్ని వీ ఆకారపు రబ్బరు దిమ్మల మీద బాడీకి తగిలించాడు. అంతకు ముందు వెనక చక్రాల్ని విడివిడిగా కదలనిస్తే డిఫరెన్షియల్ని బాడీకి బిగించాల్సి వచ్చేది, దాని గేర్ల ఊళ కారంతా మోగేది. రబ్బరు ఆ ఊళని మింగేసింది. 1982లో మెర్సిడెస్ 190 అదే దారిలో ఐదు లింకుల వెనక సస్పెన్షన్ తెచ్చింది. సబ్‌ఫ్రేమ్ మీద, రబ్బరు మీద.

అదే కాలంలో మనకేముంది? అంబాసిడర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి తమ్ముడు. వెనకాల కమాన్ కట్టలు, వాటి చివర చిన్న రబ్బరు బుష్షులు. 2014లో తయారీ ఆగిపోయేదాకా వెనకాల ఆ కమాన్ కట్టలే. ఏ ఊళ్ళోనైనా చెట్టు కింద మార్చేవాళ్ళు. అందుకే మనోళ్ళకి బుష్షంటే చవక సామాను అనే అభిప్రాయం పాతుకుపోయింది.

ఇక పాలీయురేథేన్. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టింది. నూనెకి చెడదు, అంత త్వరగా చీలదు, నిజమే. కానీ రబ్బరు బుష్షులో కావాలనే కొన్ని గుంటలు వదిలేస్తారు. ఒక దిక్కులో మెత్తగా, ఇంకో దిక్కులో గట్టిగా ఉండాలని. మామూలు పాలీ బుష్షు అన్ని దిక్కులా దాదాపు ఒకేలా గట్టిగా ఉంటుంది. రేస్ ట్రాక్ మీద అదే కావాలి, అక్కడ రోడ్డు బల్లపరుపుగా ఉంటుంది. మఠంపల్లి రోడ్డు సంగతి అలా కాదు. సున్నపురాయి, సిమెంట్ మోసే లారీలు నొక్కి నొక్కి తారుని అలలు అలలుగా చేసేస్తాయి. సాగర్ ఎడమ కాలువ కింది నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. రబ్బరు మింగాల్సిన ప్రతి దెబ్బా పాలీ వేస్తే బాడీకి పోతుంది.

బాడీకి పోతే ఏమవుతుందో చూడాలంటే ఈ-46 చరిత్ర చూడండి. మనవాడి కారుకి ముందు తరం అది, 1998లో వచ్చింది. వాటిల్లో చాలా కార్లకి సబ్‌ఫ్రేమ్ తగిలించే చోట బాడీ రేకు చిట్లింది, అమెరికాలో కోర్టు దాకా పోయింది. బుష్షు పోతే బుష్షు మార్చుకుంటాం. రేకు చిట్లితే కారు అడుగంతా విప్పి వెల్డింగ్ చేయించాలి. ఈ-90కి అదే రోగం ఉందని నేననను. కానీ పదిహేనేళ్ళ పైబడ్డ రేకు మీద ప్రయోగమెందుకు? పైగా వెనక సీట్లో కూర్చునేది అరవై దాటిన అమ్మానాన్నలు.

సరే, ఏం వేయించాలి? కంపెనీ రబ్బరే, లేదంటే కార్ల కంపెనీలకే సప్లై చేసే పేరున్న తయారీదారుది. డబ్బాలో పేరు చూసి మోసపోవద్దు, డూప్లికేట్లు బోలెడు. ఇంకొంచెం బిగువు కావాలనుకుంటే అదే తరం ఎం-త్రీ బుష్షులు వేసుకునేవాళ్ళున్నారు. అవీ రబ్బరే, కాస్త గట్టివి. నా మటుకు నాకు ఊరి ప్రయాణానికి అవీ అక్కర్లేదనిపిస్తుంది.

నాలుగూ ఒకేసారి మార్చాలి. సుత్తితో కొట్టి ఎక్కించే మెకానిక్ దగ్గర చేయించొద్దు, లాగే టూల్ ఉన్నవాణ్ణి వెతుక్కోండి. గుంటలు ఏ దిక్కుకి ఉండాలో పాతవి పీకకముందే ఫోటో తీసుకోండి, మార్కర్‌తో గీత పెట్టుకోండి. డిఫరెన్షియల్ నుంచి ఆయిల్ కారుతుంటే ముందు ఆ సీలు మార్పించండి, లేకపోతే కొత్త రబ్బరు కూడా ఉబ్బిపోతుంది. పనిలో పనిగా సస్పెన్షన్ ఆర్ములు కూడా విప్పుతారు కదా, వాటి బోల్టుల చివరి బిగింపు మాత్రం బండి బరువు చక్రాల మీద ఉండగానే చేయమనండి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే ఆ బుష్షులు మొదటి రోజు నుంచే మెలితిరిగి ఉంటాయి.