తాళం లేని ఫోల్డర్లలో సినిమాలు: సరిహద్దు కుటుంబాలు తెలుసుకోవలసిన చట్టం

కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలోని ఆవని మొదలుకొని నంగలి వరకు గల పల్లెల్లో కన్నడ నేలపై తెలుగు మాట వినిపిస్తుంది. కొత్త తెలుగు చిత్రం వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ ఆసక్తి. ఆ ఆసక్తితోనే యువకులు కొందరు అంతర్జాలంలో తాళం లేని ఫోల్డర్లను వెదకి, చిత్రాలను ఫోన్లలోకి దింపుకుంటున్నారు. దీని వెనుక చట్టపరంగా ఏ ప్రమాదం పొంచి ఉన్నదో ఇంటి పెద్దలు తెలుసుకోవలసి ఉన్నది.

ఈ ఫోల్డర్లు ఏమిటి?

ఎక్కడో ఒక సంస్థ గానీ, వ్యక్తి గానీ తమ సర్వర్‌కు పాస్‌వర్డ్ పెట్టడం మరచినప్పుడు అందులోని ఫైళ్ల జాబితా ‘ఇండెక్స్ ఆఫ్’ అనే శీర్షికతో అందరికీ కనిపిస్తుంది. కొందరు కావాలనే అలా తెరచి ఉంచుతారు. తలుపు తెరచి ఉన్నంత మాత్రాన లోపలి సొత్తు ఊరి ఉమ్మడి ఆస్తి కాదు. పైగా సర్వర్‌ను నడిపే వ్యక్తికి ఆ చిత్రంపై ఏ హక్కూ లేకపోవచ్చు. హక్కు నిర్మాతది, లేదా నిర్మాత వద్ద కొన్నవారిది.

చట్టం ఏమంటున్నది?

1957 నాటి కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం తెలిసి హక్కును ఉల్లంఘించినవారికి 6 నెలల నుంచి 3 సంవత్సరాల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా విధించవచ్చు. లాభాపేక్ష లేదని తేలితే న్యాయస్థానం కారణాలు చూపి శిక్ష తగ్గించవచ్చు. ఈ నేరంలో పోలీసులు వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చుననీ, ఇది బెయిలుకు వీలులేని నేరమనీ సుప్రీంకోర్టు 2022 మే నెలలో తీర్పు చెప్పింది. యజమాని అనుమతి లేకుండా కంప్యూటరు నుంచి సమాచారాన్ని దురుద్దేశంతో దింపుకుంటే సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల కింద 3 సంవత్సరాల వరకు జైలు గానీ, 5 లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

చూచుట వేరు, పంచుట వేరు

అక్రమ ప్రతిని కేవలం చూచినంత మాత్రాన నేరం కాదని బొంబాయి హైకోర్టు 2016లో స్పష్టం చేసింది. సొంత వినియోగానికి చట్టంలో కొంత మినహాయింపు ఉన్నా, అక్రమ ప్రతిని పూర్తిగా దింపి దాచుకున్నవారికి అది రక్షణ అవుతుందని ధీమాగా ఉండరాదు. ఆ ప్రతిని నలుగురికి పంపినా, మెమరీ కార్డుల్లోకి ఎక్కించి పది రూపాయలు తీసుకున్నా, జాతరలో తెర కట్టి చూపినా ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది.

2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే బయటకు పొక్కినప్పుడు జరిగినది ఇదే. ఒక ప్రతి పరిచయస్థుల మధ్య చేతులు మారి, కృష్ణా జిల్లా పెడనలో డిస్కుల అమ్మకం దాకా వచ్చిందని పోలీసులు తేల్చి, పలువురిని అరెస్టు చేశారు. అక్టోబరు 9న రావలసిన చిత్రాన్ని సెప్టెంబరు 27నే విడుదల చేయవలసి వచ్చింది.

కర్ణాటకలో అదనపు నిబంధన

కర్ణాటక తన గూండా చట్టాన్ని 2014లో సవరించి ‘డిజిటల్ నేరస్థుల’ను కూడా అందులో చేర్చింది. వాణిజ్య ప్రయోజనం కోసం తెలిసి చిత్రాల కాపీరైట్‌ను ఉల్లంఘించేవారు ఈ కోవలోకి వస్తారు. ఈ చట్టం కింద విచారణ లేకుండానే 12 నెలల వరకు నిర్బంధించే వీలున్నది. కార్డులు నింపి ఇచ్చే చిన్న దుకాణదారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పాత చిత్రాల మాట

లవకుశులు పుట్టిన చోటుగా ఆవనిని భక్తులు కొలుస్తారు గనుక 1963 నాటి ‘లవకుశ’ ఇక్కడివారికి ప్రియమైనది. చలనచిత్రంపై హక్కు విడుదలైన సంవత్సరం గడిచాక 60 సంవత్సరాలు ఉంటుంది. ఆ లెక్కన ఈ చిత్రపు గడువు 2023 చివరితో ముగిసింది. అయితే పాటల లెక్క వేరు. సంగీతం సమకూర్చిన ఘంటసాల 1974లో కన్నుమూశారు. ఆ సంగీతంపై హక్కు 2034 చివరి దాకా నిలిచి ఉంటుంది. కనుక పాత చిత్రమైనా బహిరంగంగా ప్రదర్శించే ముందు విచారించుట మేలు.

ఇంటి పెద్దలకు సూచనలు

ఫైలు దింపుకున్న సమయమూ, ఇంటర్నెట్ చిరునామా సాధారణంగా సర్వర్‌లో నమోదవుతాయి. దర్యాప్తు ముందుగా చేరేది సిమ్ ఎవరి పేరున ఉన్నదో వారి గడపకే. కొడుకు ఆడిన ఫోను తండ్రి పేరున ఉంటే ప్రశ్నలు తండ్రికే ఎదురవుతాయి. సినిమా అని దింపిన ఫైలు ‘ఏపీకే’ లేదా ‘ఈఎక్స్ఈ’ అని ముగిస్తే దానిని తెరవరాదు. అది ఖాతాలోని డబ్బు కాజేసే సాధనం కావచ్చు. అలా డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి. నిర్మాతలే అధికారికంగా యూట్యూబ్‌లో ఉచితంగా ఉంచిన తెలుగు చిత్రాలు అనేకం ఉన్నవి. పిల్లలకు ముందుగా ఆ దారి చూపుట ఉత్తమం.