హ్యూస్టన్ మిత్రులు – క్యూబా లయ

1965లో అమెరికాలోని పసిఫిక్ జాజ్ సంస్థ ‘చిలీ కాన్ సోల్’ అను రికార్డును వెలువరించినది. పేరులోనే చమత్కారము కలదు. టెక్సాసువారు మిరపకాయలతో వండుకొను మాంసపు కూరకు ‘చిలీ కాన్ కార్నే’ యని పేరు. అందు కార్నే, అనగా మాంసమును తీసివేసి, ఆ చోట సోల్, అనగా ఆత్మ నుంచిరి. నల్లజాతివారి చర్చి పాటల యొరవడియు, బ్లూస్ ఛాయయు గల జాజ్‌ను ఆ రోజులలో సోల్ జాజ్ అని పిలుచుచుండిరి.

వాయించినది జాజ్ క్రుసేడర్స్ అను బృందము. ఇందు గాయకులు లేరు. జో శాంపిల్ పియానో, విల్టన్ ఫెల్డర్ శాక్సఫోన్, వేన్ హెండర్సన్ ట్రాంబోన్, స్టిక్స్ హూపర్ డ్రమ్ములు. తెల్లవారికొక బడి, నల్లవారికొక బడిగా నున్న కాలమున హ్యూస్టన్ నగరములో చదువుకొనుచు జతగూడిన మిత్రులు వీరు. పిదప లాస్ ఏంజెలిస్ చేరి 1961లో ‘ఫ్రీడమ్ సౌండ్’ రికార్డుతో పేరొందిరి.

1963లో క్యూబా వాద్యకారుడు మోంగో సాంటమరియా వాయించిన ‘వాటర్‌మెలన్ మ్యాన్’ విరివిగా అమ్ముడుపోయినది. కనుక రెండేండ్ల తరువాత వచ్చిన ఈ రికార్డు గాలివాటున వచ్చినదేనని కొట్టివేయుట సులభము. అది న్యాయము కాదని మా యభిప్రాయము.

క్యూబా లయకు ‘క్లావే’ ప్రాణము. రెండు కొయ్యముక్కలతో ఐదు దెబ్బలు కొట్టుదురు. ఒకవైపు మూడు, మరొకవైపు రెండు. స్వరము ఏ వైపున ఎత్తుకొనవలెనో తెలియని జాజ్ వాద్యకారుడు, తాళము తప్పకున్నను, క్లావేకు ఎదురు నడచును. డోలు మ్రోగించినంతనే ఈ సంగీతము రాదు. అందుకే ఈ రికార్డులో బాస్ వాయించిన ఆల్ మెకిబన్ ముఖ్యుడు. 1947లో డిజీ గిలెస్పీ తన జాజ్ వాద్యబృందమున క్యూబా డోలు విద్వాంసుడు చానో పోజోను చేర్చుకొన్నప్పుడు, అతని సరసన బాస్ పట్టినవాడితడే. ఆ యేటి డిసెంబరులో ‘మాంటెకా’ రికార్డు చేసిరి. మరుసటి డిసెంబరులోనే న్యూయార్కులో పోజో హత్యకు గురియయ్యెను. అతని యొద్ద విన్నది మెకిబన్ చేతిలో నిలిచినది.

హ్యూస్టన్ చిన్ననాటి మిత్రుడు హ్యూబర్ట్ లాస్ వేణువు వాయించినాడు. క్యూబాలో వేణువు, వయొలిన్లు ప్రధానముగా గల ‘చరంగా’ మేళములు కలవు గాన, ఈ వేణువు పరాయిది గాదు. అయినను శాక్సఫోన్, ట్రాంబోన్ జంటగా పలికినంతనే ఇది టెక్సాసువారిదని తెలిసిపోవును.

1971లో బృందము తన పేరునుండి ‘జాజ్’ తీసివేసినది. 1979లో ర్యాండీ క్రాఫర్డ్ పాడిన ‘స్ట్రీట్ లైఫ్’ వీరికి అమితమైన ప్రచారము తెచ్చెను. కేవల వాద్యముల ఈ రికార్డును తలచువారు తగ్గిరి. 2014లో హెండర్సన్, శాంపిల్, 2015లో ఫెల్డర్ కన్నుమూసిరి. ఇప్పుడు వినబూనువారు మొదట అడుగున నడచు బాస్‌ను పట్టుకొందురుగాక.