అంతర్జాతీయ వాణిజ్య మధ్యవర్తిత్వం – భారత చట్టం

భారతదేశంలో అంతర్జాతీయ వాణిజ్య మధ్యవర్తిత్వానికి ఆధారం 1996 నాటి మధ్యవర్తిత్వ, రాజీ చట్టం. వ్యాపార వివాదంలో ఒక పక్షమైనా విదేశీ పౌరుడో, విదేశీ కంపెనీయో, విదేశీ ప్రభుత్వమో అయితే ఆ మధ్యవర్తిత్వం అంతర్జాతీయం కింద లెక్క.

అంతకుముందు మూడు చట్టాలుండేవి. జెనీవా ఒప్పందాల అమలుకు 1937లో ఒకటి, దేశీయ వివాదాలకు 1940లో ఒకటి, 1958 నాటి న్యూయార్క్ ఒప్పందం మేరకు విదేశీ అవార్డుల (మధ్యవర్తి తీర్పుల) కోసం 1961లో మరొకటి వచ్చాయి. 1940 చట్టం కింద మధ్యవర్తి ఇచ్చిన అవార్డును కోర్టు డిక్రీగా మారిస్తే తప్ప అమలు చేయించుకునే వీల్లేదు. కోర్టు బయట తేల్చుకుందామనుకున్నవాళ్లు చివరికి కోర్టు మెట్లే ఎక్కేవారు. ఆర్థిక సంస్కరణల తర్వాత ఈ తీరు చెల్లదని గ్రహించి, ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ సంఘం 1985లో రూపొందించిన నమూనా ఆధారంగా కొత్త చట్టం చేశారు. దాని మొదటి భాగం దేశంలో జరిగే మధ్యవర్తిత్వం గురించి, రెండోది విదేశీ అవార్డుల అమలు గురించి.

మొదటి భాగం విదేశాల్లో జరిగేవాటికి వర్తించదని మాత్రం చట్టం తెగేసి చెప్పలేదు. పక్షాలు వద్దనుకుంటే తప్ప వర్తిస్తుందని 2002లో భాటియా ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పారిస్‌లో మధ్యవర్తిత్వానికి వెళ్లిన కంపెనీకి ఇక్కడి ఆస్తులపై మధ్యంతర రక్షణ దొరకాలన్నది అందులోని ఆలోచన. ఆలోచన మంచిదే, ఫలితమే బెడిసికొట్టింది.

అదెలాగో సత్యం కేసు చూపింది. హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్ సర్వీసెస్, అమెరికాలోని మిషిగన్‌కు చెందిన వెంచర్ గ్లోబల్ 1999లో చెరిసగం వాటాతో ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. తర్వాత తగాదా వచ్చింది. లండన్ అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కోర్టు నియమించిన మధ్యవర్తి, వెంచర్ తన వాటాలను సత్యంకు బదలాయించాలని 2006 ఏప్రిల్‌లో అవార్డు ఇచ్చారు. సత్యం మిషిగన్ కోర్టులో అమలు కోరింది. వెంచర్ సికింద్రాబాద్ సిటీ సివిల్ కోర్టులో దావా వేసి, ఈ బదిలీ భారత విదేశీ మారకద్రవ్య చట్టానికి విరుద్ధం గనుక అవార్డును కొట్టేయమంది. కింది కోర్టు, హైకోర్టు కుదరదన్నా, 2008లో సుప్రీంకోర్టు ఆ దావాకు దారిచ్చింది. లండన్ మధ్యవర్తి తేల్చినదాన్ని ఇక్కడి సివిల్ కోర్టు రద్దు చేయవచ్చన్నమాట. రద్దు చేసే పనిని ప్రధానంగా అవార్డు వెలువడిన దేశపు కోర్టులకే వదిలిన న్యూయార్క్ ఒప్పందం స్ఫూర్తికి ఇది పొసగదు.

2012 సెప్టెంబర్ 6న బాల్కో కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం భాటియా తీర్పును తోసిపుచ్చింది. అయితే ఆ తేదీ తర్వాతి ఒప్పందాలకే ఇది వర్తిస్తుందనడంతో పాత ఒప్పందాలవారికి పాత చిక్కులే మిగిలాయి. 2015 సవరణ మధ్యేమార్గం పట్టింది. విదేశాల్లో జరిగే మధ్యవర్తిత్వానికి ఇక్కడి కోర్టుల మధ్యంతర సాయం అందేలా చేసింది గానీ, అక్కడి అవార్డులను రద్దు చేసే అధికారం ఇవ్వలేదు. ఇక్కడి అవార్డుల రద్దు కోరుతూ దరఖాస్తు పడగానే అమలు దానంతటదే ఆగిపోయే పద్ధతినీ తొలగించింది. అవార్డు ఇవ్వడానికి అప్పుడే పెట్టిన 12 నెలల గడువు నుంచి అంతర్జాతీయ వివాదాలను 2019 సవరణ మినహాయించింది.